రోమన్ లిపిలో గీత ఉన్న ‘ఏ’ పాడైపోతాంటే: సమస్య - పరిష్కారం

కడపలో డీటీపీ పని చేసేవాళ్ళకి ఇది తెలిసిందే, శాసనాల మీద థీసిస్ రాసే పిల్లోళ్ళు వస్తానే ఉంటారు, కలమళ్ళ శాసనం, రేనాటి చోళులు అని. పాఠాన్ని రోమన్ అక్షరాల్లో ఇయ్యాలంటే దీర్ఘం కోసం ఇంగ్లీషు ‘ఏ’ (a) నెత్తిన అడ్డగీత పెట్టాల (ā), తిప్పలన్నీ ఆ గీతతోనే. అక్షరం చెడిపోయిందని మళ్ళీ టైప్ చేసేకి కూర్చోవద్దు, ముందు తెర మీద ఏం కనపడతాందో చూడండి.

సమస్య: అసలు టైపే కావడంలేదు

మన కీబోర్డు మీద ఆ అక్షరానికి మీట లేదు, అంతే. ప్రతి అక్షరానికీ ఒక నంబర్ ఇచ్చే పద్ధతే యూనికోడ్. యూనికోడ్‌లో దాని నంబర్ 0101, పెద్దక్షరమైతే 0100, గీత ఉన్న ‘ఈ’ (ē) 0113. వర్డ్‌లో 0101 కొట్టి వెంటనే ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే అక్షరం వచ్చేస్తాది. ఈడ ఒక మెలిక ఉంది, శాసనాల్లో ‘దాన’ (dāna) అనే మాట ఊరికూరికే వస్తాది గదా, అప్పుడు ముందున్న ‘డి’ని కూడా నంబర్లో భాగం అనుకుని వర్డ్ డబ్బా చూపిస్తాది, ఎందుకంటే ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా ఈ కోడ్‌లో అంకెలే. అట్లాంటప్పుడు 0101 ఒక్కదాన్నే సెలెక్ట్ చేసి ఆల్ట్ ఎక్స్ కొట్టండి. ఆల్ట్ పట్టుకుని 0257 కొట్టే పాత పద్ధతి వర్డ్‌లో పనిచేస్తాది గానీ చానా ప్రోగ్రాముల్లో 255 దాటితే వేరే ఏదో వస్తాది, నేనైతే దాని జోలికి పోను.

రోజంతా ఇదే పనైతే విండోస్‌లో మావోరీ కీబోర్డు యాడ్ చేసుకోండి. న్యూజిలాండ్ మావోరీ భాషలో కూడా దీర్ఘానికి ఇదే గీత, 1 పక్కన ఎడమవైపున్న మీట నొక్కి ‘ఏ’ కొడితే చాలు. ఫోన్లో, మ్యాక్‌లో ‘ఏ’ని నొక్కి పట్టుకుంటే లిస్టులో కనపడతాది.

సమస్య: గీత పోయి, రెండు చుక్కలున్న పెద్ద ‘ఏ’ వచ్చింది

భయపడాల్సిన పనిలేదు, అక్షరం బానే ఉంది, చదివే ప్రోగ్రామే తప్పుగా చదువుతాంది. యూనికోడ్ అక్షరాల్ని ఫైల్లో దాచే యుటిఎఫ్-8 పద్ధతిలో ఈ అక్షరం రెండు బైట్లు. పాత విండోస్ 1252 పద్ధతిలో చదివితే ఒక్కో బైటు ఒక్కో అక్షరం అయిపోతాది, మొదటిది చుక్కల ‘ఏ’, రెండోది ఏమీ కనపడదు లేదా డబ్బా. ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైల్ డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఎక్కువగా ఇదే జరుగుతాది. తెరిచిన ఫైల్ సేవ్ చేయకుండా మూసేసి, డేటా మెనూలో టెక్స్ట్/సీఎస్‌వీ నుంచి తెప్పించుకుని, ఎన్‌కోడింగ్ కాడ 65001 (అదే యుటిఎఫ్-8) పెట్టండి.

సమస్య: ప్రశ్నార్థకం వచ్చింది, లేదా ఉత్త ‘ఏ’ మిగిలింది

ఇదొక్కటే నిజమైన నష్టం. యూనికోడ్ తెలీని ప్రోగ్రాంలో పేస్ట్ చేసినా, సీఎస్‌వీని మామూలుగా సేవ్ చేసినా, పెట్టేకి చోటు లేక అక్షరాన్ని పారేస్తాది. మన షాపుల్లో ఇప్పటికీ నడిచే పేజ్‌మేకర్ 7 ఇట్లాంటిదే, దానికి యూనికోడ్ రాదు. ఫాంట్ మార్చినా ఏం లాభం లేదు, అసలు ఫైల్ తెప్పించుకుని ఇన్‌డిజైన్‌లోనో వర్డ్‌లోనో పని కానియ్యండి.

సమస్య: డబ్బాలు, లేదా ఒక అక్షరం లావు ఒకటి సన్నం

ఫాంట్ గొడవ. గీత ‘ఏ’ చానా ఫాంట్లలో ఉంటాది, ‘రేనాటి’లో ‘ట’ కోసం పెట్టే కింద చుక్క ‘టీ’నే (ṭ) కొన్నిట్లో ఉండదు, అప్పుడు వర్డ్ ఇంకో ఫాంట్ నుంచి అరువు తెస్తాది. జెంటియం గానీ నోటో సెరిఫ్ గానీ మొత్తం పాఠానికి పెట్టేయండి, రెండూ ఉచితమే.

సమస్య: కంటికి సరిగ్గానే ఉంది, వెతికితే దొరకదు

ఇది కనిపెట్టేదే కష్టం. అక్షరం 0101 ఒక్కటిగా ఉండొచ్చు, లేకుంటే మామూలు ‘ఏ’ మీద 0304 అనే విడి గీత కూర్చోనుండొచ్చు. పీడీఎఫ్ నుంచి కాపీ చేసినప్పుడు ఈ రెండో రకం వస్తా ఉంటాది. అక్షరం తర్వాత కర్సర్ పెట్టి ఆల్ట్ ఎక్స్ కొట్టండి, 0304 అని కనపడితే అదే సంగతి. కంట్రోల్ జెడ్ కొట్టి వెనక్కి తెచ్చుకుని (మళ్ళీ ఆల్ట్ ఎక్స్ కొడితే ముందున్న ‘ఏ’ని కూడా నంబర్లో కలిపేసుకుంటాది), ఆ జంటని కాపీ చేసి ఫైండ్‌లో పెట్టి, రిప్లేస్‌లో 0101 అక్షరం పెట్టి అన్నీ మార్చేయండి, థీసిస్ వెనకాల ఇండెక్స్ తయారుచేసే ముందే.