పెన్షన్ ఉన్నవాళ్లు ఇల్లు మారాలంటే ముందు మీటరు చూడాలి

చిన్నప్పుడు వచ్చిన పోలియో వల్ల నేను ఎడమకాలికి కాలిపర్, అంటే కాలికి ఊతంగా కట్టుకునే పట్టీ, వేసుకుని నడుస్తాను. విశాఖపట్నం కంచరపాలెంలో కొండవాలు ఇల్లు మాది. అద్దె తక్కువే గానీ, వర్షాకాలం వచ్చిందంటే ఆ మెట్లు దిగడం నాకూ మా అమ్మకీ నరకం. అందుకే పెందుర్తి వైపు నేలమట్టం వాటాలోకి మారాం. నెలకు 6,000 రూపాయల వికలాంగుల పెన్షన్, రైస్ కార్డు, నేను బట్టలు కుడితే వచ్చే కూలి, ఇవే మా ఇంటికి ఆధారం. ఇల్లు మారే హడావిడిలో ఇందులో ఏది ఆగినా ఆ నెల అద్దె కట్టలేం. మీ పరిస్థితీ ఇదే అయితే, నేను చేసిన పనులు వరసగా చెప్తాను.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మనలాంటివాళ్లం చూసుకునేవి ఎలాగూ ఉంటాయి. గడపకి కాలిపర్ బూటు ముందు అంచు తగులుతుందా, బాత్రూమ్ గచ్చు జారుతుందా, గోడకి పట్టుకోవడానికి ఏమైనా ఉందా, సైడ్ చక్రాల బండి వాకిట్లోకి వస్తుందా అని చూస్తాం. వాటితో పాటు కరెంటు మీటరు కూడా తప్పకుండా చూడండి. నేనైతే అద్దె ఎంతని అడగకముందే మీటరు గురించి అడుగుతాను.

ఎందుకంటే, పెన్షన్‌కీ రైస్ కార్డుకీ చూసే మన అర్హత లెక్కల్లో కరెంటు కూడా ఉంది. పట్టణంలో కుటుంబ ఆదాయం నెలకు 12,000 రూపాయలు దాటకూడదు, సొంత కారు ఉండకూడదు, ఇంట్లో ఎవరూ ఆదాయపు పన్ను కట్టేవాళ్లు కాకూడదు, ప్రభుత్వోద్యోగి ఉండకూడదు. వీటితో పాటు కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో రెండు ఫ్యాన్లు, ఒక కుట్టు మిషను ఉన్నవాళ్లకి 300 యూనిట్లు ఎక్కడివి అనుకుంటాం. కానీ ఆ లెక్క మనం వాడినదాన్ని బట్టి ఉండదు, మన ఆధార్ ఏ మీటరుకి ముడిపడి ఉందో దాన్ని బట్టి ఉంటుంది. విశాఖలో పాత ఇళ్లు చాలావాటికి కింద రెండు వాటాలు, పైన ఓనరు, అందరికీ కలిపి ఒకటే మీటరు. వాటాలకి పెట్టిన సబ్‌మీటర్లు ఓనరు లెక్క కోసమే, కరెంటాఫీసుకి వాటితో సంబంధం లేదు. పై అంతస్తులో ఏసీ ఆడితే ఆ యూనిట్లన్నీ ఒకే సర్వీసు నంబరు మీద పడతాయి. ఆ నంబరుకి మన ఆధార్ ఉంటే అవి మనవే అయిపోతాయి.

కాబట్టి వాటాకి విడి మీటరున్న ఇల్లు దొరికితే అద్దె ఓ రెండు మూడు వందలు ఎక్కువైనా అదే తీసుకోండి. దొరక్కపోతే, పాత కరెంటు బిల్లులు చూపించమని ఓనర్ని మొహమాటపడకుండా అడగండి. ఆ ఉమ్మడి మీటరుకి మీ ఆధార్ ఇవ్వనని మర్యాదగా ముందే చెప్పండి. మా ఓనరు గారు, "అద్దెకుండేవాళ్ల ఆధారే ఇమ్మంటున్నారమ్మా" అన్నారు. "అంకుల్, మీటరు మీ పేరున ఉంది, మీ ఆధార్ ఉంటేనే మీకూ మంచిది. నాది పెడితే నా పెన్షన్ పోతుంది" అని వివరంగా చెప్పాను. అర్థం చేసుకున్నారు. మంచిగా చెప్తే చాలామంది వింటారు.

చాలామంది మర్చిపోయేది పాత ఇంటి మీటరు సంగతి. ఆ మీటరుకి మన ఆధార్ ఉండి, మనం ఖాళీ చేశాక వచ్చినవాళ్లు కరెంటు ఎక్కువ వాడితే, ఆ వాడకం మన కుటుంబం మీద కనిపిస్తుంది. మన వైపు కరెంటు సరఫరా చేసే ఈపీడీసీఎల్ వాళ్ల ఆఫీసులో అర్జీ ఇచ్చి మన ఆధార్ తీయించుకోవాలి. అర్జీలో సర్వీసు నంబరు, ఖాళీ చేసిన తేదీ రాయండి, కింద ఓనరు సంతకం ఉంటే ఇంకా మంచిది. కాపీ ఒకటి మన దగ్గర ఉంచుకోవాలి.

ఇక పెన్షన్ బదిలీ. డబ్బు వార్డు సచివాలయాలవారీగా వస్తుంది, 1వ తేదీన ఉద్యోగి ఇంటికొచ్చి ఇస్తారు. కాబట్టి మొదట కొత్త ఇల్లు ఏ సచివాలయం కిందకి వస్తుందో పక్కింటివాళ్లని అడగండి. ఒకే వీధిలో ఇటు ఒకటి, అటు ఒకటి ఉండొచ్చు. ఆ సచివాలయం పేరు, కోడ్ రాసుకుని, పాత సచివాలయంలో పెన్షన్ చూసే వెల్ఫేర్ సెక్రటరీ దగ్గర బదిలీకి పెట్టాలి. పెన్షన్ ఐడీ, ఆధార్, రైస్ కార్డు జిరాక్సులు తీసుకెళ్లండి. 1వ తేదీన పెన్షన్ చేతికి అందాక సామాను కదపడం, ఆ వారంలోనే బదిలీకి పెట్టడం అన్నిటికన్నా క్షేమం. అలా చేస్తే వచ్చే నెల జాబితాకి దాదాపు నెల వ్యవధి దొరుకుతుంది.

జిల్లా కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక సబ్బవరం, పరవాడ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. గాజువాక నుంచి పరవాడకి మారితే మనకి పక్క ఊరే, కాగితాల్లో మాత్రం వేరే జిల్లా. బదిలీ అర్జీలో జిల్లా, మండలం సరిగ్గా రాయించండి.

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరెం సర్టిఫికెట్ మళ్లీ చేయించుకోవాలని ఎవరైనా భయపెడితే నమ్మకండి. రాష్ట్రంలో ఎక్కడికి మారినా అదే చెల్లుతుంది. అయితే 2025లో వికలాంగుల సర్టిఫికెట్లని మళ్లీ పరిశీలించి చాలామందికి నోటీసులిచ్చారు. అలాంటి నోటీసు పాత అడ్రసుకి వెళ్లి మనకి అందకపోతే గడువు దాటిపోతుంది. అందుకే పాత ఇంటి పక్కవాళ్లకి మన ఫోన్ నంబరిచ్చి, ఏ కాగితం వచ్చినా ఫోటో తీసి పంపమని చెప్పి రావాలి. ఆధార్‌కి లింకైన సిమ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చకండి, ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

రేషన్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. రాష్ట్రంలో ఏ డిపోలోనైనా బియ్యం తీసుకోవచ్చు. రైస్ కార్డులో అడ్రసు మార్పు సచివాలయంలో తర్వాత నిదానంగా పెట్టుకోవచ్చు. గ్యాస్ ఏజెన్సీకీ కొత్త అడ్రసు ఇవ్వండి. ఆధార్‌లో అడ్రసు మార్చడానికి మీ పేరు మీద రుజువు లేకపోతే, కుటుంబ పెద్ద అడ్రసు ముందు మారాక, వాళ్ల ఆధార్ ఆధారంగా మిగతావాళ్లది ఆన్‌లైన్‌లో మార్చుకోవచ్చు.

ఇంత చేసినా కొత్త ఇంట్లో 1వ తేదీన ఎవరూ రాలేదనుకోండి, కంగారుపడకండి. ఒక నెల తీసుకోకపోతే రెండో నెల రెండూ, రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెల మూడూ కలిపి ఇస్తారు. వరసగా మూడు నెలలు తీసుకోకపోతేనే ఆపేస్తారు. అందుకని మొదటి నెల తప్పిన వెంటనే పాత సచివాలయానికే వెళ్లి, డబ్బు ఇంకా అక్కడికే వస్తోందేమో అడగాలి. వస్తుంటే అక్కడే తీసుకుని బదిలీ ఎక్కడ ఆగిందో కనుక్కోండి. సమాధానం దొరక్కపోతే సోమవారం మహారాణిపేట కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లి అర్జీ ఇవ్వండి. నంబరుతో రసీదు ఇస్తారు, తర్వాత ఎవర్నడిగినా ఆ నంబరు చెప్పే అడగండి.