యాంగ్‌చిన్‌పై పాత బాణీ, కొత్త బీట్: మోత అదుపులో ఉంచుకోవడం

చైనా డల్సిమర్ (వెదురు పుల్లలతో తీగలను కొట్టి వాయించే వాద్యం) యాంగ్‌చిన్‌ని ఆధునిక సంగీతంలో కలపాలనుకునేవాళ్లు ముందు డ్రమ్ లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే డ్రమ్స్ ముక్క) ఎంచుకుంటారు. కానీ ముందు చూసుకోవాల్సింది తీగల మోత. వెదురు పుల్ల తగిలాక చేత్తో ఆపకపోతే తీగ చాలాసేపు మోగుతూనే ఉంటుంది. కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మారినా వెనకటి కార్డ్ వదలదు.

శ్రుతి సంగతి మొదట తేల్చుకోండి. సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) ఎ స్వరం 440 హెర్ట్జ్‌లో, వాద్యం 442లో ఉంటే ఎంత బాగా వాయించినా అపశ్రుతే. పై స్థాయిలో ఒక్కో స్వరానికి మూడు, నాలుగు తీగలు ఉంటాయి. వాటిలో ఒక్కటి కాస్త జారినా సింథ్ పక్కన ధ్వని అలలు అలలుగా ఊగుతుంది. అందుకని ఒక తీగ మాత్రమే మోగనిచ్చి, మిగతావి వేలితో ఆపి, ఒక్కొక్కటిగా సరిచేయాలి.

ఇక బాణీ. పదహారు కొలతలకు (బార్లకు) మించని ఐదు స్వరాల జానపద బాణీ చాలు. డి ఆధారంగా తీసుకుంటే డి, ఇ, ఎఫ్ షార్ప్, ఎ, బి; మన మోహన స్వరాలే. ముందు అలంకారాలు లేకుండా అస్థిపంజరం మాత్రమే వాయించండి. దానిపై జియాంగ్నాన్ (యాంగ్జీ నదికి దక్షిణాన ఉన్న ప్రాంతం) పద్ధతిలో చిన్న స్వరాలు నింపుతారో, గ్వాంగ్‌డాంగ్ (దక్షిణ చైనా రాష్ట్రం) పద్ధతిలో ఆక్టేవ్ గంతులు (ఒక స్థాయి నుంచి మరో స్థాయిలోని అదే స్వరానికి) వేస్తారో ఒకటి తేల్చుకోండి. రెండూ ఒకే చరణంలో పెడితే ఏదీ నిలవదు.

కార్డ్‌లు కూడా ఆ ఐదు స్వరాల్లోంచే రావాలి: డి యాడ్ 9, బి మైనర్ 7, ఇ సస్ 4, ఎ సస్ 2. జి, సి షార్ప్ ఉన్న కార్డ్‌లు తప్పు కావు, కానీ మోగుతున్న ఎఫ్ షార్ప్, డిలతో అర్ధస్వరం తేడాలో రాసుకుంటాయి. వాటిని వాడాలంటే ముందు తీగలు ఆపక తప్పదు. ట్రెబుల్ బ్రిడ్జికి (పై స్థాయి తీగలను మోసే చెక్క మెట్టుకి) ఎడమ వైపు స్వరం, అదే తీగ కుడి వైపు స్వరం కంటే ఐదో స్వరం పైన (స నుంచి ప అంత) ఉంటుంది. రెండు వైపులా ఒకేసారి కొడితే పవర్ కార్డ్ (స, ప మాత్రమే ఉండే కార్డ్) సిద్ధం! రాక్ రిఫ్‌కి (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వర పదానికి) ఇంతకంటే సులువైన దారి లేదు.

ఆపడం ఇలా: కార్డ్ మారే బీట్‌కి అర బీట్ ముందు, పుల్ల పట్టుకున్న చేతి అంచును బాస్ తీగలపై ఆనించండి. గట్టిగా నొక్కితే టక్కుమనే శబ్దం వస్తుంది. పై తీగలను వదిలేయవచ్చు, అవి త్వరగా తగ్గిపోతాయి.

ట్రెమొలో (ఒకే స్వరాన్ని వేగంగా పదే పదే కొట్టడం) దగ్గరే ఎక్కువమంది తడబడతారు. సంప్రదాయంలో అది నెమ్మదిగా మొదలై చిక్కబడుతుంది, లెక్కకు కట్టుబడదు. 90 బీపీఎం (నిమిషానికి 90 బీట్లు) డ్రమ్స్ మీద అలా వాయిస్తే లయ తప్పినట్టే వినిపిస్తుంది. అక్కడ డ్రమ్స్ ఆపేయండి, లేదా ట్రెమొలోని కచ్చితమైన ముప్పైరెండో స్వరాలుగా (బీట్‌కి ఎనిమిది) కొట్టండి. మొదటిదే నయం, వాద్యం తన గొంతుతో పలికే చోటు అదే.

పుల్లకి రబ్బరు లేని వైపు తిప్పి కొడితే పదునైన ధ్వని వస్తుంది. దాన్ని కోరస్‌కి ఉంచుకోండి. స్లయిడ్‌కి (స్వరం నుంచి స్వరానికి జారడానికి) ఎడమ వేలికి తొడిగే ఉంగరం వాడితే మంచిది.

రికార్డింగ్‌లో రెండు చిన్న కండెన్సర్ మైకులు తీగలకు 40 సెంటీమీటర్ల ఎత్తున పెట్టండి. కిక్ డ్రమ్‌తో తగాదా రాకుండా వాద్యంలో 100 హెర్ట్జ్ కింద తగ్గించండి. రివర్బ్ (గదిలో మోగినట్టు చేసే ప్రతిధ్వని) చాలా తక్కువ, కంప్రెషన్ (శబ్దపు హెచ్చుతగ్గులను సమం చేయడం) ఇంకా తక్కువ: కంప్రెసర్ తగ్గిపోతున్న మోతను మళ్లీ పైకి లాగుతుంది, చేత్తో ఆపిన శ్రమంతా పోతుంది.