మదురై మీనాక్షి గుడిని తీరిగ్గా చూడాలంటే ఏం చేయాలి?

రామేశ్వరం టూర్‌లో మధ్యలో ఒక గంట ఇచ్చి మదురై చూపించేస్తుంటారు. క్యూలో తోసుకుంటూ వెళ్లి, అమ్మవారిని ఒక్క క్షణం చూసి, బస్సు పోతుందేమోనన్న టెన్షన్‌తో బయటికి పరుగెత్తడమే అవుతుంది. దయచేసి అలా వెళ్లకండి. ఈ గుడికి కనీసం ఒక సాయంత్రమంతా ఇవ్వండి. వీలైతే రాత్రి ఊళ్లోనే ఉండండి.

ముందుగా వేళ చూసుకోండి. గుడి తెల్లవారుజామున 5కి తెరుస్తారు. మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో మూసి, మళ్లీ 4కి తెరిచి, రాత్రి 10 దాకా ఉంచుతారు. పండగ రోజుల్లో ఈ వేళలు మారుతుంటాయి. నన్నడిగితే సాయంత్రం 4కే గుమ్మం దగ్గర ఉండడం మేలు. మధ్యాహ్నం ఎండకు ఆవరణలో రాళ్లు కాలిపోతుంటాయి, చెప్పుల్లేకుండా నడవలేం. పైగా సాయంత్రం వెళితే రాత్రి జరిగే పవళింపు సేవ దాకా లోపలే ఉండొచ్చు. చెన్నై మీదుగా వచ్చేవాళ్లకు ఎగ్మోర్ నుంచి రాత్రి పాండియన్ ఎక్స్‌ప్రెస్ ఉంది, తెల్లారేసరికి మదురైలో దిగుతారు. స్టేషన్ నుంచి గుడికి నడిచి వెళ్లిపోవచ్చు.

ఫోన్ గదిలోనే వదిలేయండి. 2018 ఫిబ్రవరిలో తూర్పు వైపు వీరవసంతరాయ మండపంలో అగ్నిప్రమాదం జరిగింది. ఆ తర్వాత కోర్టు ఆదేశంతో లోపలికి సెల్‌ఫోన్లు నిషేధించారు. బయట కౌంటర్లలో దాచుకోవచ్చు గానీ, ఫోన్ లేకుండానే వస్తే ఆ క్యూ తప్పుతుంది. నలుగురు కలిసి వెళ్తుంటే, ఎవరైనా తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. కోనేటి గట్టు అందుకు మంచి చోటు. షార్ట్స్, చేతుల్లేని బట్టలు వద్దు. పంచె, ప్యాంటు, చీర, చుడీదార్ ఏదైనా సరే.

చెప్పులు ఏ గోపురం దగ్గర విడిచారో గుర్తుపెట్టుకోండి. నాలుగు దిక్కులా నాలుగు పెద్ద గోపురాలుంటాయి, కొత్తవాళ్లకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మొత్తం 14 గోపురాల్లో దక్షిణ గోపురం అన్నిటికంటే ఎత్తు, సుమారు 170 అడుగులు. లోపలికి తూర్పు వైపు అష్టశక్తి మండపం గుండా వెళ్లండి. అది నేరుగా అమ్మవారి సన్నిధికి చేరుస్తుంది.

మొదటి దర్శనం అమ్మవారిది. శివాలయమైనా ఇక్కడ ముందు మీనాక్షిని చూశాకే సుందరేశ్వరుడి దగ్గరకు వెళ్లాలి. స్థలపురాణం ప్రకారం ఆమె మలయధ్వజ పాండ్యుడి కూతురు, ఈ రాజ్యాన్ని ఏలిన రాణి. స్వామి ఇంటికొచ్చిన అల్లుడు. సెలవు రోజైతే ప్రత్యేక దర్శనం టికెట్ కొనుక్కోండి, మామూలు రోజుల్లో ధర్మదర్శనం చాలు. సన్నిధిలో నిలబడగానే చాలామంది కళ్లు మూసుకుంటారు. మీరు మాత్రం తెరిచే ఉంచి, అమ్మవారి కుడిచేతి వైపు చూడండి, చిలుక కనిపిస్తుంది. ప్రసాదంగా ఇచ్చే కుంకుమలో మొగలిపూల వాసన ఉంటుంది. మడిచి జేబులో పెట్టుకోవడానికి చిన్న కాగితం ఒకటి దగ్గరుంచుకోండి.

హిందూయేతరులకు గర్భాలయాల వైపు ప్రవేశం లేదు, మిగతా మండపాలన్నీ చూడొచ్చు. స్నేహితులను తీసుకెళ్తుంటే ఈ మాట ముందే చెప్పండి.

స్వామి సన్నిధికి వెళ్లే దారిలో తొందరపడకండి. అసలు చూడాల్సిందంతా ఇక్కడే ఉంది. ముందు ముక్కురుణి వినాయకుడు కనిపిస్తాడు. మదురైని ఏలిన తిరుమల నాయకుడు ఊరి తూర్పున తెప్పకుళం అనే పెద్ద కోనేరు తవ్విస్తుంటే దొరికిన విగ్రహమిది అంటారు. స్వామి సన్నిధి ముందు కంబత్తడి మండపంలో కల్యాణ శిల్పం ఉంటుంది: మధ్యలో మీనాక్షి, చేయి పట్టుకున్న శివుడు, ధారపోస్తూ అన్నగారు విష్ణువు. అమ్మవారి తల ఎంత కొద్దిగా వంగి ఉందో, పెళ్లికూతురి సిగ్గు ఆ రాతిలోకి ఎలా వచ్చిందో దగ్గరగా చూడండి. ఆ ఒక్క స్తంభం దగ్గర పది నిమిషాలు నిలబడ్డా తనివి తీరదు.

లోపల వెళ్లియంబలంలో, అంటే వెండి సభలో, నటరాజుంటాడు. అన్నిచోట్లా ఎడమకాలు ఎత్తి ఆడే స్వామి ఇక్కడ కుడికాలు ఎత్తాడు. నాట్యం నేర్చుకున్న పాండ్యరాజు ఒకాయనకు ఆ కష్టం తెలిసి, ఎప్పుడూ ఒకే కాలిమీద నిలబడితే స్వామికి నొప్పి కదా అని వేడుకుంటే కాలు మార్చాడట. గైడ్ లేకపోతే ఎంతోమంది గమనించకుండానే దాటిపోతారు.

వెయ్యికాళ్ల మండపం ఇప్పుడు మ్యూజియం, టికెట్ వేరే. నిజానికి స్తంభాలు 985. బాగా పొద్దుపోకముందే చూసేయండి.

తర్వాత కోనేటి మెట్లమీద కూర్చోండి. పొట్రామరై కుళం, అంటే బంగారు తామరల కొలను. శుక్రవారం సాయంత్రమైతే గట్టున ఊంజల్ మండపంలో అమ్మవారికీ స్వామికీ ఊయల సేవ జరుగుతుంది. అక్కడ కూర్చున్నప్పుడు పిల్లలకు రెండు విషయాలు చెప్పండి. మదురైని ఏలిన విశ్వనాథ నాయకుడు, తిరుమల నాయకుడు, రాణి మంగమ్మ తెలుగు మాట్లాడిన ఇళ్లవాళ్లు. ఈ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. రెండోది ఇంకా ముఖ్యం. 1939 జూలై 8న కాంగ్రెస్ నాయకుడు ఎ. వైద్యనాథ అయ్యర్, దళిత నాయకుడు కక్కన్ తదితరులతో కలిసి, అంతవరకు దళితులకు, నాడార్ కులస్తులకు మూసి ఉన్న ఈ గుడిలోకి అడుగుపెట్టారు. మనం ఈ రోజు ఎవరినీ అడగకుండా లోపలికి వస్తున్నాం. అందుకోసం పోరాడినవాళ్ల సంగతి మన పిల్లలకు తెలియాలి.

రాత్రి 9 ప్రాంతంలో స్వామి సన్నిధి వైపు వెళ్లండి. సుందరేశ్వరుడి పాదుకలను వెండి పల్లకీలో పెట్టి, మేళతాళాలతో అమ్మవారి పడకగదికి తీసుకెళ్తారు. పల్లకీ వెంట నడవొచ్చు. దారిలో ముందుకు తోసుకోకుండా కాస్త వెనగ్గా ఉంటే బాగా కనిపిస్తుంది.

మర్నాడు సమయం ఉంటే తిరుమల నాయకుడి మహల్, తెప్పకుళం చూసి, దారిలో జిగర్‌తండా అనే చల్లటి పాల పానీయం తాగండి. చిత్తిరై ఉత్సవాల్లో, అంటే ఏప్రిల్-మే నెలల్లో, మీనాక్షి కల్యాణానికి రావాలనుకుంటే మాత్రం గదులు బాగా ముందే బుక్ చేసుకోవాలి. అప్పుడు ఊరంతా నిండిపోతుంది. పెద్దవాళ్లతో, చంటిపిల్లలతో వచ్చేవాళ్లు వేరే నెల చూసుకోవడమే మంచిది.