పాత పెట్రోల్ సూపర్బ్ కొనేముందు ఏం చూడాలి

కొత్తగా ఉన్నప్పుడు ఆన్‌రోడ్ ముప్పై లక్షల దాకా పలికిన స్కోడా సూపర్బ్, ఏడెనిమిదేళ్లు దాటేసరికి మామూలు ఎస్‌యూవీ ధరకే దొరుకుతుంది. కాళ్లు బారజాపుకునే వెనక సీటు, 625 లీటర్ల డిక్కీ, హైవే మీద నిబ్బరం చూసి చాలామంది టోకెన్ ఇచ్చేస్తారు. కారు ధర పడిపోయినా స్పేర్ల ధర పడిపోదు. గేర్‌బాక్స్ రిపేరుకొస్తే ఈ రోజుకీ ముప్పై లక్షల కారుకు వేసే బిల్లే వేస్తారు. కాబట్టి బేరం మొదలుపెట్టేముందు ఆ బిల్లు మన నెత్తిన పడుతుందా లేదా అన్నది తేల్చుకోవాలి.

ముందు ఏ మోడలో చూసుకోండి. 2016లో మన దగ్గరికొచ్చిన సూపర్బ్‌లో పెట్రోల్ ఇంజిన్ 1.8 టీఎస్‌ఐ (1.8 లీటర్ల టర్బో), పవర్ 180 పీఎస్. అదే ఇంజిన్ మాన్యువల్‌లో 320 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం) ఇస్తే, ఆటోమేటిక్‌లో 250 దగ్గరే ఆపేశారు. కారణం ఆ ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌లుండే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఇందులోది డీక్యూ 200 రకం) మోయగలిగేదే అంత. పైగా దాని రెండు క్లచ్‌లూ డ్రై టైపు, చల్లబరచడానికి ఆయిల్ ఉండదు. 2020లో వచ్చిన 2.0 టీఎస్‌ఐ (190 పీఎస్, 320 న్యూటన్ మీటర్లు)లో క్లచ్‌లు ఆయిల్‌లో తడిసి చల్లబడే వెట్ క్లచ్ డీఎస్‌జీ పెట్టారు. రోజూ సిటీ ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లు ఇంకొంచెం డబ్బు పెట్టి ఈ 2020 తర్వాతిది తీసుకోవడమే మేలు. 1.8 మాన్యువల్ దొరికితే అదృష్టమే, కానీ అరుదు.

కారు చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉందంటే ఏదో దాస్తున్నారనే అనుకోవాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు గొలుసు ఊగినట్టు రెండు మూడు సెకన్లు గలగలమంటే టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులను వేళకు కదిలించే గొలుసు), దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ మీద అనుమానం పడాలి. 2009–13 నాటి పాత సూపర్బ్‌లలో ఈ జబ్బు ఎక్కువ, ఇంజిన్ ఆయిల్ తాగడం కూడా వాటికే ఎక్కువ. ఐడిల్‌లో వణుకుతుంటే ఇగ్నిషన్ కాయిల్స్, ప్లగ్గులు కావచ్చు, ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ కావచ్చు. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే పోతుంది, వాల్వుల వెనకవైపు కడిగేది ఏదీ ఉండదు.

ఇంజిన్ చల్లగా ఉండగానే కూలెంట్ డబ్బాలో మట్టం మినిమమ్, మ్యాక్సిమమ్ గీతల మధ్య ఉందో లేదో చూడండి. 1.8, 2.0 రెండింటిలోనూ వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిసి ఒకే ప్లాస్టిక్ హౌసింగ్‌లో ఉంటాయి. వేడికి అది వంకరపోయి కారుతుంది. టార్చి వేసి ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద చూస్తే ఎండిపోయిన గులాబీ రంగు చారలు కనిపిస్తాయి. “అప్పుడప్పుడు కాస్త నీళ్లు పోస్తుంటాం సార్” అని అమ్మేవాళ్లు తేలిగ్గా చెబుతారు. అలా అన్నారంటే పంపు మార్చే ఖర్చు మీ లెక్కలో రాసుకోండి.

ఇక డీఎస్‌జీ. ఖాళీ రోడ్డు మీద ఐదు నిమిషాలు తోలితే ఏమీ తెలియదు. ఇరవై నిమిషాలైనా ట్రాఫిక్‌లో పాకించి, క్లచ్ వేడెక్కాక చూడాలి. డీలో వేసి బ్రేకు మీంచి కాలు తీస్తే కారు మెల్లగా, వణక్కుండా కదలాలి. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు, ఆగబోతూ రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు జడ్డర్ (కుదుపుతో కూడిన వణుకు) వస్తుందేమో గమనించండి. తర్వాత ఏదైనా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీదికి రివర్స్‌లో ఎక్కించండి. 1, 3, 5, 7 గేర్లు ఒక క్లచ్ మీద, 2, 4, 6, రివర్స్ ఇంకో క్లచ్ మీద నడుస్తాయి. రెండో క్లచ్ ఎంత అరిగిందో ఈ ర్యాంపు చెప్పేస్తుంది. వణుకుతూ, కమురు వాసనతో ఎక్కితే క్లచ్ ప్యాక్ పోయినట్టే లెక్క. ఉన్నట్టుండి ఒక వరస గేర్లన్నీ పడకపోయినా, డిస్‌ప్లేలో గేర్ అక్షరం మిణుకుమిణుకుమన్నా గేర్లు, క్లచ్‌లను నడిపించే మెకాట్రానిక్ యూనిట్‌ను అనుమానించాలి. దాని బిల్లు లక్ష దాటుతుంది.

స్కానర్ పెట్టకుండా బేరం ముగించొద్దు. ఈ బ్రాండ్ కార్లు తెలిసిన ఇండిపెండెంట్ గ్యారేజీలో వీసీడీఎస్ అనే స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌తో గేర్‌బాక్స్ ఫాల్ట్ కోడ్‌లు, క్లచ్ అడాప్టేషన్ విలువలు (క్లచ్ అరుగుదలకు తగ్గట్టు గేర్‌బాక్స్ సర్దుకున్న లెక్కలు) చూపించమనండి. ఏ ఫాల్ట్ ఎన్ని కిలోమీటర్ల దగ్గర పడిందో కూడా నమోదై ఉంటుంది. మీటర్ 62 వేలు చూపిస్తుంటే ఫాల్ట్ 90 వేల దగ్గర నమోదై ఉందంటే, మీటర్ తిప్పారన్నమాట. అక్కడే లిఫ్ట్ మీద ఎక్కించి లోయర్ ఆర్మ్ బుష్‌లు (సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్కలు), అడుగుభాగం గీతలు చూడండి. పొడుగాటి కారు కావడంతో మన స్పీడ్ బ్రేకర్లకు కడుపు తగులుతుంది.

వరద నీళ్లలో మునిగిన బండ్ల విషయంలో ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన కార్లెన్నో. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో మట్టి చార ఉందా? సీటు పట్టాల బోల్టులు తుప్పుపట్టాయా? సీటు కింద కనెక్టర్లకు పచ్చటి పొర పట్టిందా? సన్‌రూఫ్ ఉన్న బండిలో కార్పెట్ తడిస్తే అది డ్రెయిన్ గొట్టాలు మూసుకుపోవడం వల్ల కూడా కావచ్చు. అప్పుడు తడి ఉంటుంది గానీ ఒండ్రు ఉండదు. ఒండ్రు తగిలితే ఇక వెనక్కి వచ్చేయడమే.

పెట్రోల్ లెక్క దాచుకోకుండా వేసుకోండి. సిటీలో లీటరుకు 9 అనుకుంటే నెలకు వెయ్యి కిలోమీటర్లకు 111 లీటర్లు, లీటరు 107 రూపాయలనుకుంటే దాదాపు 12 వేలు. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు, అదీ సిటీలోనే, క్యామ్రీ హైబ్రిడ్ నయం. దాన్ని తోలడంలో సూపర్బ్‌లో ఉన్నంత సరదా ఉండదు, అంతే.

బేరం ఇలా ఆడండి: మార్కెట్ ధరలోంచి టైర్లు (నాలుగంకెల కోడ్ చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం, సెట్టుకు యాభై వేల దాకా), కనిపించిన రిపేర్లు తీసేయండి. 1.8 డీఎస్‌జీ అయితే గేర్‌బాక్స్ కోసం ఇంకో లక్షన్నర విడిగా పెట్టుకోండి. ఆ డబ్బు చేతిలో లేకపోతే ఈ కారు జోలికి పోకపోవడమే మంచిది.

ఢిల్లీ బండి చవగ్గా కనిపిస్తుంది. అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం, ఫారం 28) తెచ్చి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాక తేడా ఎంత మిగులుతుందో ముందే ఆర్‌టీఓ ఆఫీసులో కనుక్కోండి. లోన్ ఉన్న బండైతే ఆర్‌సీలోంచి లోన్ తీయించే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి రావాలి. ఓనర్ పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక కూడా, ఆర్‌సీ మీ పేరు మీదికి మారేదాకా కొంత మొత్తం పట్టి ఉంచుతామని అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి.