ఓపెన్ పోర్స్‌కి లేజర్ ఎప్పుడు, ఎలా చేయించుకోవాలి?

దసరాకి ఇంకా రెండు వారాలే ఉందనుకోండి. ఈలోగా లేజర్ చేయించుకుంటే సిరిమాను సంబరం నాటికి బుగ్గల మీద ఓపెన్ పోర్స్ (పెద్దగా కనిపించే చర్మరంధ్రాలు) పోయి ముఖం నున్నగా అవుతుందా? అవదు సరికదా, అప్పటికి నల్లమచ్చలు తేలే ప్రమాదం ఉంది. విజయనగరంలో దసరా తర్వాత జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమంటే మూడు లాంతర్ల కూడలి దగ్గర నుంచి కోట దాకా జనంలో, ఎండలో నిలబడే రోజు. అప్పుడే లేజర్ పడిన చర్మం ఆ ఎండకు తట్టుకోలేదు. కాబట్టి పండగ ముందు క్రీములు, లేజర్ పండగ అయ్యాకే.

ముందు అవేమిటో తేల్చుకోండి

చర్మరంధ్రం అంటే వెంట్రుక కుదురు పైనోరు. చర్మంలోని నూనె అక్కడి నుంచే బయటికొస్తుంది. దానికి మూసి తెరిచే కండరమేదీ లేదు. ఆవిరి పడితే తెరుచుకోదు, ఐసు రుద్దితే మూసుకోదు. నూనె ఎక్కువ ఊరడం, ఎండకీ వయసుకీ చర్మం బిగువు తగ్గడం, ఇంట్లో వాళ్ల చర్మం తీరు, ఇవే పెద్దగా కనిపించడానికి కారణాలు. ఏ చికిత్సయినా వాటిని చిన్నగా కనిపించేలా చేస్తుందే తప్ప మాయం చేయదు.

ముక్కు మీద, బుగ్గల మీద ఒకే తీరుగా పరుచుకుని ఉంటే పోర్స్. అక్కడక్కడా లోతుగా, వంకరటింకరగా ఉంటే మొటిమల గుంటలు. రెండింటికీ చికిత్స వేరు, ఖర్చు వేరు. తేడా తెలియకపోతే శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రి (పాత పేరు రిమ్స్) చర్మవ్యాధుల ఓపీలోనో, దగ్గర్లోని డెర్మటాలజిస్ట్‌కో ఒకసారి చూపించుకోండి.

మూడు నెలలు క్రీములు

ఆషాఢంలో మొదలుపెడితే బాగుంటుంది. పొద్దున సాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్, తర్వాత ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్. రాత్రి అడాపలీన్ 0.1 శాతం జెల్, ముఖం మొత్తానికి బఠాణీ గింజంత. మొదట్లో రోజు విడిచి రోజు చాలు. కాస్త పొట్టు లేస్తే కంగారుపడొద్దు. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు మాత్రం ఈ జెల్ వాడకూడదు. నిమ్మరసం, సున్నిపిండితో గట్టిగా రుద్దడం మానేయండి.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబడే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వాడి ఉంటే డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. పల్చబడిన చర్మం మీద లేజర్ పెడితే కొత్త తలనొప్పి.

నా లెక్కలో చాలామందికి ఇక్కడితోనే సరిపోతుంది.

క్రీములతో సరిపోకపోతే ఏ చికిత్స?

జిడ్డు, బ్లాక్‌హెడ్స్ ఎక్కువైతే సాలిసిలిక్ పీల్, అంటే యాసిడ్ పూసి చర్మం పైపొరను ఒలిచే చికిత్స. అది కూడా డాక్టర్ చేతిలోనే, పార్లర్‌లో కాదు.

ఇప్పుడు అందరూ అడిగేది కార్బన్ పీల్. ముఖానికి నల్లటి లోషన్ పూసి, దాని మీద 1064 నానోమీటర్ల లేజర్ కొడతారు. టిక్ టిక్ మని చప్పుడు, కాలిన వాసన, ఆ నలుపు ఎగిరిపోతుంది. ముఖం కొన్నాళ్లు మెరుస్తుంది. ఎండ తగలని ఫంక్షన్‌కైతే సరే, పోర్స్‌కి శాశ్వత మందు అనుకుంటే డబ్బు దండగ.

చర్మం బిగువు తగ్గి పోర్స్ సాగినట్టుంటే ఫ్రాక్షనల్ లేజర్ గానీ, సన్నటి సూదుల ద్వారా చర్మంలోకి రేడియో తరంగాల వేడి పంపే రేడియోఫ్రీక్వెన్సీ గానీ. ఫ్రాక్షనల్ అంటే ముఖమంతా కాల్చకుండా సన్నటి చుక్కలుగా వేడి పంపి, మధ్యలో మంచి చర్మాన్ని వదిలేయడం. ఆ చర్మమే గాయాన్ని మాన్పి, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ కొత్తగా తయారయ్యేలా చేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ బలమైనది, కానీ మన చామనఛాయకి మచ్చలు పడే భయమూ దాంతోనే ఎక్కువ. నేనైతే ముందు రేడియోఫ్రీక్వెన్సీ గురించే అడుగుతాను. లేజరే అంటే చెవి ముందు చిన్నచోట పరీక్షించి చూడమనండి. చేసేది చర్మవ్యాధుల్లో ఎండీ డీవీఎల్ లేదా డీడీవీఎల్ చదివిన డాక్టరేనా అని అడగడానికి మొహమాటపడొద్దు.

సిట్టింగ్ ముందూ తర్వాతా

కార్తీకం, మార్గశిరం, పుష్యం: నెలకొకటి చొప్పున మూడు సిట్టింగులు. మాఘంలో పెళ్లో, అరసవల్లి రథసప్తమో ఉంటే పుష్యంలో సిట్టింగ్ వదిలేయండి.

వారం ముందే అడాపలీన్, బ్లీచ్, వ్యాక్సింగ్ ఆపాలి. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా, పెదవుల దగ్గర నీటిపొక్కులు వచ్చే అలవాటున్నా ముందే చెప్పాలి. పొక్కులకి మందు ముందుగా మొదలుపెడతారు.

మత్తు క్రీము రాసి ముప్పావుగంట నుంచి గంట దాకా కూర్చోబెడతారు. లేజర్ సమయంలో కళ్లకి రక్షణ కవచం తప్పనిసరి. అయ్యాక ముఖం ఎర్రబడి మంట పుడుతుంది. కార్బన్ డయాక్సైడ్ లేజరైతే రెండు మూడు రోజులకి సన్నటి గోధుమరంగు చుక్కలు పైకి తేలి, చేత్తో తడిమితే గరుకు కాగితంలా ఉంటుంది. వాటిని గిల్లొద్దు. వారానికి వాటంతటవే రాలిపోతాయి. అప్పటిదాకా ఘాటు లేని సబ్బు, డాక్టరిచ్చిన లేపనం, మంట తగ్గాక సన్‌స్క్రీన్. విశాఖ వెళ్లి చేయించుకుంటే తిరుగు ప్రయాణం పొద్దు వాలాక పెట్టుకోండి, బండి మీద అసలొద్దు.

చీము, పెరిగే నొప్పి, నీటిపొక్కులు కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. నెల దాటినా నలుపు తగ్గకపోతే, రెండో సిట్టింగ్‌కి డబ్బు కట్టేసినా సరే, ఆ మచ్చ తగ్గేదాకా వాయిదా వేయమనండి.