ఓయిజా బోర్డు ఆడి జడుసుకున్న పిల్లలకు ధైర్యం చెప్పే విధానం
ఓయిజా బోర్డు అంటే అక్షరాలు రాసిన పలక; దానిపై అందరూ వేళ్లు ఆనించిన సూచిక కదిలి ఆత్మల జవాబులు చెబుతుందని నమ్ముతారు. ముందుగా మందలించకుండా వారు చెప్పేదంతా వినండి. 1891లో అమెరికాలో పేటెంటు పొందిన ఈ బోర్డు ఆటవస్తువుగానే అంగడికెక్కిందనీ, అంతకు చాలా ముందే, 1853లో, ఆత్మలు కదుపుతున్నాయనుకున్న బల్లలను చుట్టూ కూర్చున్నవారి చేతులే తమకు తెలియకుండా నెడుతున్నాయని శాస్త్రవేత్త మైకేల్ ఫారడే ప్రయోగం చేసి చూపాడనీ, బోర్డుపై సూచిక కదిలేదీ అలాగేననీ వివరించండి. వారు ఇష్టపడితేనే, పట్టపగలు అందరి కళ్లకూ గంతలు కట్టి, చెప్పకుండా బోర్డును తిప్పిపెట్టి, మళ్లీ ప్రశ్న అడగమనండి: అక్షరాలు కనబడనప్పుడు జవాబు సాధారణంగా అర్థంలేని అక్షరాల కూర్పుగా మారుతుంది. చావును గురించిన ప్రశ్నలు మాత్రం ఆటకైనా అడగనివ్వకండి. పిరికి పిల్లలు ఆ జవాబును ఏళ్ల తరబడి మనసులో మోస్తారు. ఇంట్లో ప్రార్థన చేసుకుంటే తప్పులేదు, కాని రోజుల తరబడి నిద్ర పట్టకపోతే భూతవైద్యుని వద్దకు కాక మానసిక వైద్యుని వద్దకే తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి అయిన టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.