ఇంటి ఆడిట్ నేర్చుకుందాం – 3వ పాఠం: బోరు నీళ్ళకి కరెంటు లెక్క

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేసినవాళ్ళకి ఇవాళ్టిది సులువు. చేయనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్పేసి ముందుకెళ్తా. కరెంటు మీటరు మీద చిన్న ఎర్ర దీపం టిక్కు టిక్కుమని మెరుస్తుంటుంది చూశారా, దాని పక్కనే 3200 అనో 1600 అనో ఒక అంకె ఉంటుంది. అన్ని మెరుపులు మెరిస్తే ఒక యూనిట్ అయిపోయినట్టు. మాది 3200, అంటే 100 మెరుపులకి 0.031 యూనిట్. ఇంతకుమించి ఇవాళ ఏమీ గుర్తుండక్కర్లేదు.

ఇవాళ మోటారు దగ్గరికి వెళ్దాం. బిల్లు తగ్గించుకోవాలనుకున్న ప్రతివాళ్ళూ ముందు చేసేది లైట్లు ఆపుకుంటూ పిల్లల మీద అరవడం. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు వంద గంటలకి పైగా వెలిగితే గానీ ఒక యూనిట్ కాదు. అదే బోరు మోటారు గంట నడిచిందంటే యూనిట్ దాటి ఒకటిన్నర అయినా ఆశ్చర్యం లేదు. బోరున్న ఇంట్లో నీళ్ళ లెక్క వేరు, కరెంటు లెక్క వేరు అనుకోవడమే మనం చేసే తప్పు. పైన ట్యాంకులో ఉన్నది నీళ్ళే అయినా, అది కిందనుంచి మోసుకొచ్చిన కరెంటు కూడా.

సరే, పనిలోకి దిగుదాం. కావలసినవి ఫోను, టైలరింగ్ టేపు, ట్యాంకులోకి దించడానికి ఒక పొడవాటి కర్ర, మేడ మీద ఒకరు, మీటరు దగ్గర ఒకరు. మా ఇంట్లో మేడ మీదికి మా ఆయన, కింద నేను. ఆదివారం పొద్దున్నే చేయండి, ఎందుకంటే కొలిచే పది నిమిషాలూ ఇంట్లో ఎవరూ కుళాయి తిప్పకూడదు, మిగతా కరెంటు సామాన్లన్నీ ఆపెయ్యాలి.

అన్నీ అంటే నిజంగా అన్నీ. నేను మొదటిసారి ఫ్యాన్లు, టీవీ ఆపేసి మహా జాగ్రత్తగా చేశాననుకున్నా. 100 మెరుపులు 55 సెకన్లలో అయిపోయాయి. లెక్కేస్తే మోటారు రెండు కిలోవాట్ల పైన తాగుతున్నట్టు వచ్చింది. మాది ఒకటిన్నర హెచ్‌పీ మోటారు, ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, మోటారు వల్ల పోయే నష్టం కలుపుకున్నా అంత రాకూడదే అని తల గోక్కుంటూ ఉంటే మా అత్తయ్య వచ్చి "ఫ్రిజ్ ఆపావా?" అంది. ఫ్రిజ్ ఆపలేదు. ముందురోజు రాత్రి కరెంటు పోయింది కాబట్టి ఇన్వర్టరు కూడా ఛార్జింగ్‌లోనే ఉంది. రెండూ ఆపి మళ్ళీ కొలిస్తే 70 సెకన్లు. గంటకి 3600 సెకన్లు, దాన్ని 70తో భాగించి 0.031తో హెచ్చవేస్తే గంటకి 1.6 యూనిట్లు. ఇది నమ్మదగ్గ అంకె. మెరుపులు కళ్ళతో లెక్కపెట్టడం కష్టమైతే ఫోన్లో వీడియో తీసి, తర్వాత నిదానంగా ఆడించి లెక్కపెట్టుకోండి, నేను అలాగే చేశా. ఫ్రిజ్ మళ్ళీ వెయ్యడం మాత్రం మర్చిపోకండి, పాలు విరిగాక నన్ను తిట్టుకుంటారు.

ఇక నీళ్ళు. మోటారు నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తోందో తెలియాలి. పెద్ద పైపు కింద బకెట్ పెట్టి కొలిచే ఓపిక ఉంటే చేయండి గానీ, ట్యాంకుతో కొలవడమే మేలు. గుండ్రటి ట్యాంకు చుట్టూ టేపు తిప్పి చుట్టుకొలత సెంటీమీటర్లలో రాసుకోండి. మాది 345. దాన్ని దానితోనే హెచ్చవేసి 12.57తో భాగించండి, వచ్చినదాన్ని మళ్ళీ 1000తో భాగించండి. మాకు సుమారు 9.5 వచ్చింది. అంటే మా ట్యాంకులో నీళ్ళు ఒక్క సెంటీమీటరు పెరిగినా తగ్గినా 9.5 లీటర్లు. ట్యాంకు గోడ మందం, దాని మీది గీతల ఎత్తుపల్లాలు కలిసి కాస్త తేడా వస్తుంది, రానివ్వండి, మనం బంగారం తూచడం లేదు. కానీ ఈ అంకెని మాత్రం ట్యాంకు మీదే మార్కరుతో రాసి పెట్టండి, ఈ పాఠమంతా దీని మీదే నడుస్తుంది.

ఇప్పుడు కర్ర ట్యాంకులోకి నిలువుగా దించి తీసి, తడి ఎంత ఎత్తు ఉందో చూడండి. మోటారు వేసి సరిగ్గా 10 నిమిషాలు నడిపి ఆపండి. మళ్ళీ కర్ర దించండి. మాకు 30 సెంటీమీటర్లు పెరిగింది, అంటే 285 లీటర్లు. ఆ 10 నిమిషాలకి మోటారు తిన్నది 0.27 యూనిట్. కాబట్టి వెయ్యి లీటర్లకి ఒక యూనిట్‌కి కాస్త తక్కువ, 0.94.

అంతేనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. మేం నలుగురం, రోజుకో ట్యాంకు, వెయ్యి లీటర్లు, నెలకి 28 యూనిట్లు. అయితే ఇది సంక్రాంతి వెళ్ళిన కొత్తలో చేసిన కొలత. అదే కర్ర, అదే ట్యాంకు, ఏప్రిల్ చివర్లో మళ్ళీ కొలిస్తే 10 నిమిషాలకి 20 సెంటీమీటర్లే పెరిగింది. బోరులో నీటిమట్టం దిగిపోయింది, మోటారు ఇంకా లోతునుంచి తోడాలి. కరెంటు దాదాపు అంతే, వచ్చే నీళ్ళు మాత్రం 190 లీటర్లు. వెయ్యి లీటర్లకి 1.4 యూనిట్లు, నెలకి 42. నీళ్ళు తక్కువున్న కాలంలోనే నీళ్ళు ఖరీదెక్కుతాయన్నమాట, అదీ మనింటి మీటరు మీదే. తెలంగాణలో నెలకి 200 యూనిట్ల గీత ఎంత ముఖ్యమో బిల్లు కట్టేవాళ్ళకి చెప్పక్కర్లేదు, గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చేవాళ్ళకీ అదే గీత, మామూలు బిల్లు కట్టేవాళ్ళకి అది దాటితే రేట్ల వరసే మారిపోతుంది. ఎండాకాలం ఎలాగూ కూలరో ఏసీనో ఉంటుంది, దానికి తోడు ఈ 14 యూనిట్లు.

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు "మోటారు కామన్ మీటరు మీద ఉంది, మాకేంటి" అనుకుంటారు. మెయింటెనెన్స్ కట్టేది మీరే కదండీ. వాచ్‌మన్ దగ్గర మోటారు ఎన్ని గంటలు నడుస్తుందో అడిగి, కామన్ మీటరు దగ్గర ఇదే లెక్క చేయండి. అసోసియేషన్ మీటింగులో ఉట్టి మాటల కంటే ఈ ఒక్క అంకె ఎక్కువ పనిచేస్తుంది.

బోరు లేదు, సంపులోంచి ఎక్కించే నల్లా నీళ్ళే అంటారా, మీ మీటరు మీద లెక్క చాలా చిన్నది. సంపునుంచి మూడో అంతస్తు పైకి అంటే పన్నెండు మీటర్లో ఎంతో, బోరులో ఖర్చుతో పోలిస్తే పదో వంతు. కాకపోతే హైదరాబాద్‌లో ఆ నీళ్ళు అప్పటికే చాలా దూరం ఎక్కి వచ్చుంటాయి. గండిపేట చెరువు 1920 నాటిది, దాని నీళ్ళు వాలు మీద కాలువలో వాటంతట అవే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్‌కి నడిచొచ్చేవి. కృష్ణా నీళ్ళు అలా కాదు. నాగార్జునసాగర్ వైపునుంచి వంద కిలోమీటర్లకి పైగా, కోదండాపూర్, నాసర్లపల్లి, గొడకొండ్ల దగ్గర పంపులు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తిపోస్తే గానీ నగరానికి రావు. గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు ఊరు వదలరనేవారు, ఇప్పుడు కృష్ణా నీళ్ళు రాకపోతే ఊరు వదలాల్సిందే.

ఇప్పుడు అసలు వేట. మా నలుగురికి వెయ్యి లీటర్లంటే మనిషికి 250. మన దేశంలో పట్టణాల నీటి సరఫరా ప్లాన్లు వేసేటప్పుడు మనిషికి రోజుకి 135 లీటర్లు లెక్క పెడతారు. ఆ లెక్కన మాకు 540 చాలు. మరి మిగతా 460 ఎక్కడికి పోతున్నాయి?

మొదట రాత్రి పరీక్ష. అందరూ పడుకునేముందు కర్ర దించి ఎత్తు రాసుకోండి, పొద్దున్నే ఎవరూ బాత్రూంకి వెళ్ళకముందే లేచి మళ్ళీ దించండి. మధ్యరాత్రి ఎవరైనా లేస్తే చెప్పమనండి, ఫ్లష్ లెక్క తీసెయ్యాలి కదా. రాత్రి పదిన్నరనుంచి తెల్లారి అయిదున్నర దాకా, ఏడు గంటల్లో మా ట్యాంకు 4 సెంటీమీటర్లు దిగింది. ఎవరూ వాడకుండా 38 లీటర్లు! రోజు మొత్తానికి వేసుకుంటే 130. నేల మీద ఎక్కడా తడి లేదు, ఏ కుళాయీ కారడం లేదు. అలాంటప్పుడు నూటికి తొంభై పాళ్ళు దొంగ ఫ్లష్ ట్యాంకులోనే ఉంటాడు. ఫ్లష్ ట్యాంకు మూత తీసి, బట్టలకి వేసే నీలిమందు పది చుక్కలు వెయ్యండి. అరగంట సేపు ఫ్లష్ కొట్టకండి. తర్వాత వెళ్ళి కమోడ్‌లో చూడండి. మా రెండో బాత్రూంలో లేత నీలం సన్నటి చారలా వెనక గోడ మీదనుంచి జారుతోంది, దగ్గరికి వంగి చూస్తే తప్ప కనపడదు, చప్పుడు కూడా లేదు. అడుగున రబ్బరు వాషరు గట్టిపడిపోయింది. ప్లంబరు మొత్తం సెట్టు మార్చాలన్నాడు. వద్దు బాబూ, వాషరు ఒక్కటే వెయ్యమన్నా. వేశాడు, ఆగిపోయింది.

నిజం చెప్పాలంటే ఆ 130 లీటర్ల వల్ల మిగిలిన కరెంటు నెలకి నాలుగు యూనిట్లు కూడా లేదు. దాంతో కోటలేం కట్టం. కానీ నెలకి దాదాపు నాలుగు వేల లీటర్లు, మే నెలలో బోరు గాలి కొడుతున్నప్పుడు దాదాపు ఒక ట్యాంకర్ నీళ్ళు. ట్యాంకర్ కోసం ఫోను చేసి రెండు రోజులు ఎదురుచూసినవాళ్ళకి ఆ తేడా తెలుసు.

రెండోది పొంగిపొర్లడం. ఇది కొలవక్కర్లేదు, ఒప్పుకోవాలి. మా అత్తయ్య మోటారు వేసి సీరియల్ ముందు కూర్చుంటుంది, పక్కింటివాళ్ళు "మీ ట్యాంకు కారుతోంది" అని అరిచేదాకా తెలీదు. 10 నిమిషాలు పొంగితే 285 లీటర్లు, ఇద్దరు మనుషులు ఒక రోజు వాడే నీళ్ళు డాబా మీదనుంచి కాలువలోకి. దీనికి ఆటోమేటిక్ కటాఫ్ పెట్టుకోవచ్చు, ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించండి, స్టార్టర్ డబ్బా మీరు విప్పకండి. అది వచ్చేదాకా ఫోన్లో అలారం. మాకు నిండటానికి 35 నిమిషాలని ఇప్పుడు తెలుసు కాబట్టి, అత్తయ్య ఫోన్లో 30 నిమిషాలకి పెట్టాం. ఆవిడ దాన్ని సుప్రభాతం ట్యూనుకి మార్చుకుంది, అది వేరే కథ.

మూడోది వంటింటి కుళాయి. 10 లీటర్ల బకెట్ పెట్టి పూర్తిగా తిప్పండి. మాకు 45 సెకన్లలో నిండింది, నిమిషానికి 13 లీటర్లు. అంట్లు తోమేటప్పుడు కుళాయి తిప్పి వదిలేసే సమయం పన్నెండు నిమిషాలనుకుంటే 160 లీటర్లు, ఒక్క పూటకి. కుళాయి మూతికి ఏరేటర్ అని జల్లెడలాంటి చిన్న బిళ్ళ అమ్ముతారు, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. అది బిగించాక అదే బకెట్ నిండటానికి రెండు నిమిషాలు పట్టింది, నిమిషానికి 5 లీటర్లు. అంట్లు మామూలుగానే తోముకుపోతున్నాయి. ఒక్క చికాకు, బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, రెండు నెలల్లో రంధ్రాలు మూసుకుపోతాయి. విప్పి రాత్రంతా చింతపండు పులుసులో పడేస్తే పొద్దున్నకి శుభ్రం. స్నానాల గది కుళాయికి పెట్టడం దండగ, అక్కడ బకెట్ నింపుకుంటాం కదా, ఎంత నెమ్మదిగా వచ్చినా బకెట్ బకెట్టే.

ఆర్‌ఓ మిషను ఉన్నవాళ్ళు దాని వృథా పైపుని ఒక బకెట్‌లో పెట్టి కొలవండి. మాది లీటరు మంచినీళ్ళకి రెండున్నర లీటర్లు పారబోస్తోంది. ఆ నీళ్ళు ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి పనికొస్తాయి, కానీ ఉప్పు చేరుతుంది కాబట్టి రోజూ కుండీల్లో పొయ్యకండి, మా కరివేపాకు మొక్క అలాగే ఎండిపోయింది.

ఈ వారం పని: నాలుగు అంకెలు కావాలి. ట్యాంకులో సెంటీమీటరుకి ఎన్ని లీటర్లు, మోటారు 10 నిమిషాలకి ఎన్ని సెంటీమీటర్లు ఎక్కిస్తోంది, వెయ్యి లీటర్లకి ఎన్ని యూనిట్లు, రాత్రి ఎన్ని సెంటీమీటర్లు దిగింది. ఒక కాగితం మీద తారీకుతో సహా రాసి స్టార్టర్ డబ్బా పక్కన అంటించండి. రెండు నెలలకోసారి మళ్ళీ కొలిచి కిందే రాస్తూ పోతే, బోరు ఎప్పుడు నీరసిస్తోందో గాలి కొట్టకముందే తెలుస్తుంది.

నాలుగో పాఠం గీజర్ మీద. దానికి ముందే మీ గీజర్ మీది స్టిక్కరు చూసి ఎన్ని లీటర్లో, ఎన్ని వాట్లో రాసి పెట్టుకోండి, ఇంట్లో జ్వరం చూసే థర్మామీటర్ కాకుండా, 100 డిగ్రీల దాకా చూపించే వంటింటి థర్మామీటర్ ఎవరిదగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోండి.